ఎవరిని ఎప్పుడు వదులుకోవాలి?

ఉప్పల్ మైదానం కథ – ఆరో భాగం

2016 మే 29 రాత్రి బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 208 పరుగులు చేసి, రాయల్ ఛాలెంజర్స్‌ను 200 దగ్గర నిలువరించి, 8 పరుగుల తేడాతో ఐపీఎల్ టైటిల్ గెలుచుకోవడంతో గత భాగం ముగిసింది. ఆ సీజన్‌లో 848 పరుగులు చేసిన కెప్టెన్ డేవిడ్ వార్నర్, 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ అందుకున్న భువనేశ్వర్ కుమార్, 501 పరుగులతో వార్నర్‌కు తోడుగా నిలిచిన శిఖర్ ధావన్ ఆ విజయానికి మూలస్తంభాలు. మరుసటి ఏడాది వేలంలో 4 కోట్ల రూపాయలకు వచ్చిన అఫ్ఘాన్ లెగ్‌స్పిన్నర్ రషీద్ ఖాన్ కూడా వారితో చేరడంతో, ఈ జట్టు పదేళ్లపాటు ఎదురులేకుండా సాగుతుందని అభిమానులు నమ్మారు. ఆ నమ్మకం ఐదేళ్లయినా నిలవలేదు. 2022 వేసవి నాటికి ఆ నలుగురిలో హైదరాబాద్ చొక్కా తొడుక్కున్నవాడు భువనేశ్వర్ ఒక్కడే. అతడిని కూడా జట్టు వేలంలో మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది. మిగిలిన ముగ్గురూ ఏ వయసులో, ఏ ధర దగ్గర, దేనికి బదులుగా జట్టును వీడారన్నదే ఈ భాగానికి విషయం.

ఒక పాత అమెరికన్ చర్చ

ఆటగాడి విలువ శిఖరాన ఉన్నప్పుడే అతడిని ఇంకొక జట్టుకు ఇచ్చి, బదులుగా ఎదిగే కుర్రాళ్లను తెచ్చుకోవాలా, లేక గెలుస్తున్నంత కాలం అతడిని అట్టిపెట్టుకోవాలా అన్న చర్చ అమెరికన్ బేస్‌బాల్‌లో నూరేళ్లుగా నడుస్తున్నది. అక్కడ ఒక జట్టు తన ఆటగాడి ఒప్పందాన్ని మరో జట్టుకు బదలాయించి, ప్రతిఫలంగా ఆటగాళ్లనో సొమ్మునో పొందడాన్ని ట్రేడ్ అంటారు. ఆటగాడిని ఏడాది ఆలస్యంగా వదులుకోవడం కంటే ఏడాది ముందుగా వదులుకోవడమే మేలన్న సూత్రాన్ని ఆ దేశంలో బ్రాంచ్ రికీ అనే ప్రసిద్ధ జట్టు నిర్వాహకుడి పేరుతో చెప్పుకుంటారు. రికీ సూత్రానికి బలమిచ్చిన ఉదాహరణలు ఎన్ని ఉన్నాయో, దాన్ని తప్పని చూపినవీ అన్ని ఉన్నాయి. బోస్టన్ రెడ్ సాక్స్ 1919 డిసెంబరులో 24 ఏళ్ల బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మింది. 1918లో గెలిచిన ఛాంపియన్‌షిప్‌ను మళ్లీ చేజిక్కించుకోవడానికి ఆ జట్టుకు 2004 దాకా పట్టింది.

రూత్ కథ అందరికీ తెలిసినదే అయినా, హైదరాబాద్‌కు అంతకంటే దగ్గరి పోలిక 1987 ఆగస్టు నాటి డెట్రాయిట్ జట్టుది. అప్పటికప్పుడు డివిజన్ గెలవడానికి ఒక అనుభవజ్ఞుడైన పిచర్ కావలసివచ్చి, డెట్రాయిట్ టైగర్స్ 36 ఏళ్ల డాయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుని, బదులుగా ఇంకా ప్రధాన లీగులో అడుగైనా పెట్టని 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చింది. అలెగ్జాండర్ ఆ సీజన్‌లో ఒక్క ఓటమీ లేకుండా తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించగా, డెట్రాయిట్ కోరుకున్న డివిజన్ దక్కింది. కానీ అలెగ్జాండర్ ఆట రెండేళ్లలో ముగిసిపోయింది. స్మోల్ట్జ్ మాత్రం అట్లాంటాకు దాదాపు రెండు దశాబ్దాలు ఆడి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. ఒప్పందం కుదిరిన ఏడాది దాన్ని పొగిడినవారిదీ తప్పు లేదు, పదేళ్ల తర్వాత తిట్టినవారిదీ తప్పు లేదు. ఇటువంటి బేరాల మీద తీర్పు ఏ సంవత్సరంలో చెబుతున్నామన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఐపీఎల్‌లోనూ ట్రేడింగ్ ఉన్నది. సీజన్ ముగిశాక, వేలానికి ముందు కొంతకాలం ఫ్రాంచైజీలు ఆటగాళ్లను మార్చుకునే వీలుంటుంది. దానినే ట్రేడింగ్ విండో అంటారు. ఆటగాడికి ఆటగాడినైనా ఇవ్వవచ్చు, పూర్తిగా సొమ్మయినా చెల్లించవచ్చు, రెండూ కలిపి అయినా బేరం కుదుర్చుకోవచ్చు. అయితే బేస్‌బాల్‌కూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉన్నది. అక్కడ ఒక కుర్రాడిని తెచ్చుకున్న జట్టుకు అతడి మీద ఏళ్ల తరబడి హక్కు ఉంటుంది. ఇక్కడ మూడు నాలుగేళ్లకోసారి మెగా వేలం వచ్చి, అట్టిపెట్టుకున్న కొద్దిమందిని మినహాయించి అందరినీ సంతలోకి తీసుకుపోతుంది. అంటే మెగా వేలానికి ముందు వదిలేసిన ఆటగాడికి బదులుగా జట్టుకు మరో ఆటగాడెవరూ రాడు. పర్సులో, అంటే వేలంలో ఖర్చు పెట్టడానికి అనుమతించిన మొత్తంలో, కొంత సొమ్ము మిగులుతుంది, అంతే. అందుచేత ఐపీఎల్ జట్టుకు ఎవరిని వదులుకోవాలన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఏ కిటికీ తెరిచి ఉన్నప్పుడు వదులుకోవాలన్నదీ అంతే ముఖ్యం.

డెక్కన్ ఛార్జర్స్ విడిచిన కుర్రాడు

ఈ పాఠం హైదరాబాద్‌కు 2011లోనే ఎదురైంది. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో దక్షిణాఫ్రికా గడ్డ మీద ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేతగా అవతరించిన డెక్కన్ ఛార్జర్స్ గురించి ఈ ధారావాహిక తొలి భాగాల్లో వివరంగా వచ్చింది. 2011 జనవరిలో బెంగళూరులో జరిగిన మెగా వేలానికి ముందు ఒక్కో జట్టుకు నలుగురిదాకా అట్టిపెట్టుకునే అవకాశం ఉండగా, డెక్కన్ ఛార్జర్స్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, సైమండ్స్ ముంబయికి, లక్ష్మణ్ కోచికి వెళ్లారు. వారంతా ముప్పై అయిదు దాటినవారు కనుక ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవచ్చు. రోహిత్ శర్మ సంగతి వేరు. తల్లి తరఫున విశాఖపట్నం మూలాలున్న రోహిత్‌కు అప్పటికి 23 ఏళ్లు. ఛార్జర్స్ టైటిల్ గెలిచిన ఏడాది ముంబయి మీద హ్యాట్రిక్ కూడా తీశాడు. అతడిని ముంబయి ఇండియన్స్ 20 లక్షల డాలర్లకు కొన్నది. అతడి నాయకత్వంలో 2013 నుంచి 2020 వరకు ఆ జట్టు అయిదు టైటిళ్లు గెలిచింది. హైదరాబాద్‌కు దక్కింది పర్సులో ఖాళీ మాత్రమే.

డెక్కన్ ఛార్జర్స్ 2012తో అంతరించి, అదే ఏడాది అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ ఏటా 85.05 కోట్ల రూపాయల చొప్పున హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకున్నది. యజమాని మారాడు, పేరు మారింది, చొక్కా రంగు మారింది. 23 ఏళ్ల ఆటగాడిని ఊరికే వదులుకోవడం మాత్రం మరో పదేళ్లకు మళ్లీ జరిగింది.

ధావన్ బేరం

2018 జట్టు బలమంతా బౌలింగ్‌లో ఉండేది. ఆ ఏప్రిల్‌లో వాంఖడేలో 118 పరుగులే చేసి ముంబయిని 87కు కుప్పకూల్చి, రెండు రోజులకే ఉప్పల్‌లో 132 పరుగులు చేసి పంజాబ్‌ను 119కే ఆపి, తక్కువ స్కోరును కాపాడుకోవడం ఒక కళ అని ఆ జట్టు నిరూపించింది. కేప్‌టౌన్ బాల్ ట్యాంపరింగ్ ఉదంతంతో వార్నర్ ఏడాది నిషేధానికి గురైనా, కేన్ విలియమ్సన్ 735 పరుగులు చేసి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. అక్కడ చెన్నై గెలిచింది. ధావన్ ఆ సీజన్‌లో 497 పరుగులు చేశాడు. బయటికి కనిపించని అసంతృప్తి అతడి ఒప్పందంలో ఉండేది. 2014లో 12.5 కోట్లకు అతడిని అట్టిపెట్టుకున్న జట్టు, 2018 మెగా వేలంలో రైట్ టు మ్యాచ్ కార్డు వాడి, అంటే మరో జట్టు పాడిన ధరకే తన పాత ఆటగాడిని తిరిగి తీసుకునే హక్కును ఉపయోగించి, 5.2 కోట్లకు దక్కించుకున్నది. అదే వేలంలో మనీశ్ పాండే కోసం ఆ జట్టే 11 కోట్లు వెచ్చించింది. తోటివాడి జీతం తనకంటే రెట్టింపు అని తెలిసిన ఉద్యోగి మనసు ఎలా ఉంటుందో ఐటీ కంపెనీలున్న మాదాపూర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ధావన్ కూడా ఆ మొత్తంతో సంతృప్తిగా లేడని, నిబంధనల ప్రకారం దానిని పెంచే వీలు తమకు లేదని ఫ్రాంచైజీయే ప్రకటించింది.

2018 నవంబరులో బేరం తెగింది. ధావన్ తన సొంత ఊరి జట్టయిన ఢిల్లీకి వెళ్లాడు. బదులుగా ఆల్‌రౌండర్ విజయ్ శంకర్, ఎడమచేతి వాటం స్పిన్నర్ షాబాజ్ నదీమ్, ఇంకా పద్దెనిమిదేళ్ల అభిషేక్ శర్మ హైదరాబాద్‌కు వచ్చారు. శంకర్, నదీమ్‌ల ధర చెరి 3.2 కోట్లు కాగా, అభిషేక్ ధర 55 లక్షలు. ధావన్‌కు ట్రేడింగ్ కొత్త కాదు. 2009లోనూ ఢిల్లీ అతడిని ముంబయికి ఇచ్చి ఆశిష్ నెహ్రాను తెచ్చుకున్నది. అప్పుడు అతడికి 23 ఏళ్లు, ఇప్పుడు 33కు నెల తక్కువ. ఒకే ఆటగాడిని పెరిగే వయసులో ఒకసారి, తరిగే వయసులో ఒకసారి చేతులు మార్చిన సందర్భం ఈ చర్చకు ఇంతకంటే మంచిది దొరకదు.

బేరం తెగిన రోజుల్లో మాట్లాడుకున్నదంతా విజయ్ శంకర్ గురించే. భారత జట్టుకు నాలుగో స్థానంలో ఆడే ఆల్‌రౌండర్ కావలసి ఉన్నది, 2019 ప్రపంచకప్ ముందున్నది, అతడు నిజంగానే ఆ జట్టుకు ఎంపికయ్యాడు కూడా. అభిషేక్ పేరు జాబితాలో చివర ఉండేది. ఢిల్లీ తరఫున ఆడిన తొలి ఐపీఎల్ మ్యాచ్‌లోనే 19 బంతుల్లో 46 పరుగులతో అజేయంగా నిలిచాడన్న సంగతి క్రికెట్‌ను శ్రద్ధగా చూసేవారికే గుర్తుంది.

మెట్రో వచ్చిన వేసవి

2019 వేసవి సైబరాబాద్ క్రికెట్ అభిమానికి మరచిపోలేనిది. అప్పటిదాకా హైటెక్ సిటీలో పని ముగించుకుని ఉప్పల్ చేరడమంటే ఊరిని ఒక కొస నుంచి ఇంకో కొసకు దాటడమే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పంజాగుట్ట, సికింద్రాబాద్, తార్నాకల మీదుగా సాగే ఆ ప్రయాణంలో టాస్ మాట అటుంచి, పవర్‌ప్లే ఓవర్లు సైతం దారిలోనే అయిపోయేవి. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో మొదలైంది. తొమ్మిది రోజులకు, మార్చి 29న, ఉప్పల్‌లో ఆ సీజన్ తొలి మ్యాచ్ జరిగింది. మెడలో కంపెనీ ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ సంచి, మీద నారింజ రంగు చొక్కాతో సైబర్ టవర్స్ దగ్గర రైలెక్కినవారు స్టేడియం స్టేషన్‌లో దిగిపోయే వీలు ఏర్పడింది. సంచులను స్టేడియం లోపలికి అనుమతించరు కనుక ల్యాప్‌టాప్ ఆఫీసు లాకర్‌లో పెట్టి రావాలన్న జ్ఞానం రెండో మ్యాచ్‌కల్లా అందరికీ వచ్చింది.

మార్చి 31న అదే మైదానంలో వార్నర్, జానీ బెయిర్‌స్టో ఇద్దరూ బెంగళూరు మీద శతకాలు బాది తొలి వికెట్‌కు 185 పరుగులు జోడించారు. నిషేధం ముగించుకుని వచ్చిన వార్నర్ ఆ సీజన్‌లో 692 పరుగులతో మూడోసారి ఆరెంజ్ క్యాప్ అందుకున్నాడు. ధావన్ లేని లోటు ఆ రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. ఏప్రిల్ 29న పంజాబ్ మీద 81 పరుగులు చేసి, ప్రపంచకప్ శిబిరం కోసం స్వదేశం వెళ్లిపోయిన వార్నర్, ఆ తర్వాత ఉప్పల్‌లో హైదరాబాద్ తరఫున మరొక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సంగతి ఆ రాత్రి చప్పట్లు కొట్టినవారిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. కొవిడ్ కారణంగా 2020 సీజన్ మొత్తం, 2021లో సగం అరబ్ ఎమిరేట్స్‌కు తరలిపోయాయి. 2021 తొలి సగం ఇతర నగరాల్లోనూ, 2022 లీగ్ దశ ముంబయి, పుణెల్లోనూ జరిగాయి. 2019 మేలో జరిగిన ఫైనల్ తర్వాత 2023 ఏప్రిల్ దాకా ఉప్పల్‌లో ఐపీఎల్ బంతి పడలేదు. వార్నర్‌ను, రషీద్‌ను హైదరాబాద్ వదులుకున్న నిర్ణయాలు రెండూ సొంత మైదానం మూగబోయిన ఆ నాలుగేళ్లలోనే జరిగాయి. నిండిన గ్యాలరీల ముందు ఆ నిర్ణయాలు అంత సులువుగా తీసుకోగలిగేవారా అన్న సందేహం సమంజసమైనదే.

ఆ కాలంలోనే సైబరాబాద్ కూడా ఖాళీ అయింది. మైండ్‌స్పేస్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ భవనాల్లో పనిచేసేవారు సొంత ఊళ్లకు వెళ్లి, ఇంటి నుంచే పని చేశారు. ఆ లాక్‌డౌన్ నెలల్లో భార్యాపిల్లలతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు స్టెప్పులేసిన వార్నర్ వీడియోలు తెలుగువారి ఇళ్లలో ఫోను నుంచి ఫోనుకు తిరిగాయి. తెలంగాణలో 2017 నాటి చట్టం సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినందున, ఆఫీసు బృందాల్లో డబ్బు లేని ఫాంటసీ లీగులే సాగేవి. ఎక్సెల్ షీటులో పాయింట్లు లెక్కవేసి సోమవారం ఉదయం పంచుకునేవారు. ఆ షీట్లలో వార్నర్, రషీద్ పేర్లు లేని జట్టు అరుదు.

తీర్పు తారుమారు

2020 నవంబరు 8న అబుదాబిలో రెండో క్వాలిఫయర్ జరిగింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉన్న హైదరాబాద్‌ను ఢిల్లీ 17 పరుగులతో ఓడించింది. ఢిల్లీ తరఫున 50 బంతుల్లో 78 పరుగులు చేసినవాడు ధావన్. అదే సీజన్‌లో అతడు వరసగా రెండు శతకాలు కొట్టి, ఐపీఎల్ చరిత్రలో ఆ ఘనత సాధించిన తొలి ఆటగాడయ్యాడు. మొత్తం 618 పరుగులు చేశాడు. హైదరాబాద్‌కు వచ్చిన ముగ్గురిలో శంకర్ ఆశించినంత ఆడలేదు, నదీమ్‌కు అవకాశాలు తక్కువ, అభిషేక్ కిందివరసలో అప్పుడప్పుడూ కనిపించేవాడు. ఆనాడు తీర్పు చెప్పినవారంతా ఢిల్లీదే లాభమన్నారు, ఆ రోజుకు అది నిజం కూడా.

ఆ ఓటమి తర్వాత ఆరు నెలలకే వార్నర్ వంతు వచ్చింది. 2021 సీజన్‌లో ఆడిన తొలి ఆరు మ్యాచ్‌లలో అయిదు ఓడాక, మే 1న ఫ్రాంచైజీ అతడిని కెప్టెన్సీ నుంచి తొలగించి విలియమ్సన్‌ను నియమించింది. మర్నాటి మ్యాచ్‌లో తుది జట్టులోనే చోటివ్వలేదు. టైటిల్ గెలిపించిన కెప్టెన్ శిక్షణ చొక్కా వేసుకుని తోటివారికి నీళ్లందిస్తున్న దృశ్యం టీవీలో చూసిన అభిమానులు తట్టుకోలేకపోయారు. ఎమిరేట్స్‌లో రెండు మ్యాచ్‌లలో 0, 2 పరుగులు చేశాక మళ్లీ పక్కన పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, నవంబరు 14న, ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్ గెలిచింది. 289 పరుగులతో టోర్నీ ఉత్తమ ఆటగాడు వార్నరే.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీయాలి. 35 ఏళ్ల ఓపెనర్‌ను మెగా వేలానికి ముందు వదులుకోవడం తప్పా అంటే, సంత చెప్పిన సమాధానం ఫ్రాంచైజీ పక్షానే ఉన్నది: 12 కోట్లకు పైగా పలికిన వార్నర్‌ను 2022 వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకే కొన్నది. అతడు 2022లో 432, 2023లో 516 పరుగులు చేసి, 2024లో తగ్గిపోయాడు. ఆ తర్వాతి మెగా వేలంలో ఎవరూ కొనలేదు. రికీ సూత్రం లెక్కన చూస్తే హైదరాబాద్ రెండేళ్లు ముందుగా వదులుకున్నది, అది క్షమించదగిన తొందరే. అతడిని పంపిన తీరుకు మాత్రం క్షమాపణ లేదు. మూడు ఆరెంజ్ క్యాప్‌లు, ఒక టైటిల్ తెచ్చినవాడిని సీజన్ మధ్యలో అలా కూర్చోబెట్టిన జట్టు, తర్వాత ఒప్పందాల కోసం తన ముందు కూర్చునే ప్రతి ఆటగాడికీ తనపై నమ్మకం తగ్గించుకున్నది. వార్నర్ మీద తెలుగువారి మమకారం మాత్రం తగ్గలేదు. 2025లో 'రాబిన్‌హుడ్' సినిమాలో అతడు తెరమీద కనిపించినప్పుడు కూడా అది తెలిసింది.

రషీద్: అసలు నష్టం

రషీద్ సంగతి వార్నర్ సంగతి వంటిది కాదు. 2021 నవంబరు 30న అట్టిపెట్టుకునే ఆటగాళ్ల జాబితా ఇవ్వవలసిన గడువు ముగిసేనాటికి అతడికి 23 ఏళ్లు. హైదరాబాద్‌కు ఆడిన అయిదు సీజన్లలో వరసగా 17, 21, 17, 20, 18 వికెట్లు తీశాడు. 76 మ్యాచ్‌లలో 93 వికెట్లు. నిబంధనల ప్రకారం ఇద్దరు పెద్ద ఆటగాళ్లను అట్టిపెట్టుకుంటే మొదటివారికి 14 కోట్లు, రెండోవారికి 10 కోట్లు పర్సు నుంచి తగ్గుతాయి. ఇంకా అంతర్జాతీయ క్రికెట్ ఆడని, అన్‌క్యాప్డ్ అని పిలిచే ఆటగాడికి 4 కోట్లు. మొదటి స్థానం విలియమ్సన్‌కు ఇవ్వాలని ఫ్రాంచైజీ నిర్ణయించుకున్నది. ఆ స్థానం తనకే దక్కాలని రషీద్ ఆశించాడని అప్పట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. చివరికి 14 కోట్లకు విలియమ్సన్, చెరి 4 కోట్లకు జమ్మూకశ్మీర్ కుర్రాళ్లు అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్ జట్టులో మిగిలారు. కొత్తగా వచ్చిన గుజరాత్ టైటన్స్ 15 కోట్లు ఇచ్చి రషీద్‌ను తీసుకున్నది.

ఐటీ కారిడార్‌లో ఆ శీతాకాలం ఈ వార్తను అర్థం చేసుకోనివారు లేరు. ఆ రోజుల్లో ఉద్యోగాలు మారేవారి సంఖ్య అన్ని పెద్ద కంపెనీలనూ కలవరపెట్టింది. నోటీసు పీరియడ్‌లో ఉన్న ఇంజనీరుకు ఒక కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇస్తుంటే, మరో రెండు కంపెనీలు అంతకు మించిన ఆఫర్ లెటర్లతో ఎదురుచూసేవి. పోయేవాడి స్థానంలో మరొకరిని తేవడానికి అయ్యే ఖర్చు, అతడు అడిగిన పెంపు కంటే ఎక్కువని మేనేజర్లకు తెలిసినా, జీతాల నిచ్చెనలో ఒకరిని పైమెట్టు ఎక్కించడానికి మనసొప్పేది కాదు. రషీద్ విషయంలో జరిగింది సరిగ్గా అదే. 4 కోట్ల తేడా దగ్గర, మొదటి పేరు ఎవరిదన్న పట్టింపు దగ్గర బేరం తెగిపోయింది. మిగిల్చిన పర్సుతో 2022 ఫిబ్రవరి వేలంలో కొన్న నికోలస్ పూరన్‌కు 10.75 కోట్లు, వాషింగ్టన్ సుందర్‌కు 8.75 కోట్లు అయ్యాయి. పూరన్‌ను కూడా ఒక్క సీజన్‌కే వదిలేస్తే, లక్నో అతడిని 16 కోట్లకు కొనుక్కున్నది.

2022 ఏప్రిల్ 27న వాంఖడేలో హైదరాబాద్, గుజరాత్ తలపడిన మ్యాచ్‌ను ఈ కాలానికి అద్దంగా చూడవచ్చు; వదులుకున్నవాడు, అట్టిపెట్టుకున్నవాడు, బదులుగా తెచ్చుకున్నవాడు ముగ్గురూ ఆ రాత్రి ఒకే మైదానంలో ఉన్నారు. హైదరాబాద్ 195 పరుగులు చేసింది. అందులో 65 అభిషేక్‌వి. రషీద్ నాలుగు ఓవర్లలో 45 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. ఛేదనలో ఉమ్రాన్ మాలిక్ తన వేగంతో గుజరాత్‌ను చీల్చి, పడిన అయిదు వికెట్లూ తానే తీశాడు; 25 పరుగులకు అయిదు. ఆ దశలో ఫ్రాంచైజీ నిర్ణయాలన్నీ సరైనవేనని అనిపించి ఉంటుంది. చివరి ఓవర్‌లో గుజరాత్‌కు 22 పరుగులు కావాలి. మార్కో యాన్సెన్ వేసిన తొలి బంతిని రాహుల్ తెవాటియా సిక్సర్‌గా మలిచి, రెండో బంతికి ఒక పరుగు తీసి రషీద్‌కు బ్యాటింగ్ ఇచ్చాడు. మిగిలిన నాలుగు బంతుల్లో రషీద్ మూడింటిని సిక్సర్లుగా కొట్టాడు. ఆఖరి బంతికి కొట్టిన సిక్సర్‌తో గుజరాత్ గెలిచింది. బంతితో విఫలమైన రోజున కూడా 11 బంతుల్లో 31 పరుగులు చేసి తన పాత జట్టును ఓడించగలిగిన ఆటగాడి విలువను రిటెన్షన్ పట్టికలోని గడులు కొలవలేకపోయాయి. ఆ ఏడాది గుజరాత్ తొలి ప్రయత్నంలోనే విజేత అయింది. హైదరాబాద్ ఎనిమిదో స్థానంలో నిలిచింది.

విలియమ్సన్ ఆ సీజన్‌లో 13 మ్యాచ్‌లలో 216 పరుగులే చేసి, ఏడాది తిరగకుండానే విడుదలయ్యాడు. 22 వికెట్లతో మెరిసిన ఉమ్రాన్ 2023లో 8 మ్యాచ్‌లలో 5 వికెట్లకు పరిమితమయ్యాడు. 2025 సీజన్ నాటికి 22 కోట్లు వెచ్చించి అట్టిపెట్టుకున్న ముగ్గురిలో ఒక్కరూ హైదరాబాద్ జట్టులో లేరు. రషీద్ పక్షాన కూడా ఒక మాట నిజాయతీగా చెప్పాలి: 2023లో 27 వికెట్లతో శిఖరాన్ని అందుకున్న అతడు 2024లో 10, 2025లో 9 వికెట్లకే ఆగిపోయాడు. అంటే అతడి విలువకూ ఒక హద్దు ఉన్నది, కానీ ఆ హద్దు హైదరాబాద్ వదులుకున్న రోజుకు ఇంకా రెండేళ్ల దూరంలో ఉన్నది. 2019 లేదా 2020 ట్రేడింగ్ విండోలో అతడిని ఇచ్చి ఉంటే ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్లయినా దక్కేవారు. ఇవ్వదలచుకోకపోతే 2021లో మొదటి పేరు అతడిదే కావలసింది. ఫ్రాంచైజీ ఈ రెండు దారుల్లో దేనినీ ఎంచుకోలేదు.

పద్దెనిమిదేళ్లవాడి మీద పెట్టుబడి

ధావన్ బేరానికి తుది తీర్పు రావడానికి ఆరేళ్లు పట్టింది. 2022 మెగా వేలంలో ట్రేడ్ ద్వారా వచ్చిన హక్కు ముగిసిపోయి అభిషేక్ కూడా సంతలోకి వెళ్లినప్పుడు, పోటీని తట్టుకుని 6.5 కోట్లకు అతడిని హైదరాబాద్ మళ్లీ కొన్నది. మూడేళ్లు నెట్స్‌లో దగ్గరగా చూసినందువల్లే ఆ ధర పెట్టే ధైర్యం వచ్చిందని చెప్పవచ్చు; ఆ ట్రేడ్ ఇచ్చిన అసలు లాభం కూడా ఆ పరిచయమే. ఓపెనర్‌గా పంపాక 2022లో 426 పరుగులు, 2024లో 42 సిక్సర్లతో 484 పరుగులు చేసి, 14 కోట్లకు అట్టిపెట్టుకోదగిన ఆటగాడయ్యాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ నిలిపిన 246 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ 55 బంతుల్లో 141 పరుగులు చేశాడు. అప్పటికి ఐపీఎల్‌లో భారతీయుడు చేసిన అత్యధిక వ్యక్తిగత స్కోరు అది. శతకం పూర్తికాగానే జేబులోంచి చీటీ తీసి, ఆ ఇన్నింగ్స్ హైదరాబాద్ అభిమానులకే అంకితమని రాసిన మాటలు గ్యాలరీల వైపు చూపించాడు. ధావన్ అప్పటికే రిటైరయ్యాడు.

డెక్కన్ ఛార్జర్స్ నుంచి సన్‌రైజర్స్ దాకా ఈ నగరపు జట్ల చరిత్రను ఒకచోట పెట్టి చూస్తే, 23 ఏళ్ల రోహిత్‌ను, 23 ఏళ్ల రషీద్‌ను ప్రతిఫలం లేకుండా వదులుకున్నప్పుడు హైదరాబాద్ నష్టపోయింది. 33 ఏళ్లకు చేరువైన ధావన్‌ను ఇచ్చి 18 ఏళ్ల అభిషేక్‌ను తెచ్చుకున్నప్పుడు లాభపడింది. నాడు అభిమానులు అత్యధికంగా తిట్టిన బేరాల్లో ఒకటే చివరికి అన్నిటికంటే మంచి బేరమైంది.

2023లో ఆ జట్టు నాలుగే విజయాలతో పట్టికలో ఆఖరి స్థానానికి దిగజారింది. ఆ పతనం తర్వాత షాబాజ్ అహ్మద్ కోసం బెంగళూరుతో చడీచప్పుడు లేకుండా జరిగిన ట్రేడ్, 2023 డిసెంబరు వేలంలో 20.5 కోట్లకు ప్యాట్ కమిన్స్, 6.8 కోట్లకు ట్రావిస్ హెడ్ రాక, 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277 పరుగుల విధ్వంసం, చెన్నైలో 113 పరుగులకే కుప్పకూలిన ఫైనల్ వచ్చే భాగంలో.